అతనా, ఆవిడా, వారా: మనిషి గురించి చెప్పేటప్పుడు మాట ఎలా ఎంచుకోవాలి

గుంటూరు కొత్తపేటలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఫ్రంట్ ఆఫీసు ఇన్‌చార్జిగా పనిచేస్తున్నాను. పొద్దున్నే షటర్ తీసేసరికే ఫాస్టింగ్ షుగర్ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చుని ఉంటారు. తెనాలి, నరసరావుపేట, బాపట్ల నుంచి మొదటి బస్సుకి బయల్దేరి వచ్చేవాళ్ళే ఎక్కువ. కౌంటర్లో కొత్తగా చేరిన పిల్లలకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంటే ముందు నేను నేర్పేది ఒకటుంది: వచ్చిన మనిషిని ఏమని పిలవాలి, ఆ మనిషి గురించి లోపలికి ఏమని చెప్పాలి. పుట్టినప్పుడు మగపిల్లాడన్నా తాము ఆడవాళ్ళమని చెప్పుకునే ట్రాన్స్ మహిళలు, ఆడపిల్లన్నా తాము మగవాళ్ళమని చెప్పుకునే ట్రాన్స్ పురుషులు, ఆడా కాదు మగా కాదు అని చెప్పుకునేవాళ్ళు మా దగ్గరికి వస్తారు. మీ కొట్టుకీ వస్తారు, మీ ఆఫీసులో పక్క సీట్లోనూ ఉంటారు. వాళ్ళు కోరుకున్న మాటతోనే వాళ్ళ గురించి మాట్లాడటం ఎలాగో, కౌంటర్లో నాకు పనికొచ్చిన పద్ధతులన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నంతసేపూ తెలుగులో ఆడా మగా తేల్చాల్సిన అవసరమే రాదు. 'మీరు రాత్రి ఎన్నింటికి తిన్నారు?', 'చెయ్యి ఇలా పెట్టండి', 'సాయంత్రం నాలుగింటికి వచ్చి రిపోర్టు తీసుకోండి' అని ఎవరితోనైనా ఇలాగే అంటాం. మన కోస్తావాళ్ళ నోట్లో ఎలాగూ 'అండీ' ఆడుతూనే ఉంటుంది. చిక్కు వచ్చేది పక్కవాళ్ళతో ఆ మనిషి గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు. 'ఆయన డబ్బులు కట్టాడా?', 'ఈవిడకి బ్లడ్ తీయమ్మా', 'అతను ఫాస్టింగ్‌లోనే ఉన్నాడంట.' ఆ మాట అంటున్నప్పుడు ఆ మనిషి సాధారణంగా అక్కడే నిలబడి వింటూ ఉంటారు. 'కూర్చోండి' అని మర్యాదగా చెప్పి, అదే నోటితో అటు తిరిగి 'వాడికి టోకెన్ ఇచ్చావా?' అంటే ఆ మర్యాద మిగలదు. అందుకే మా పిల్లలకి నేను ప్రాక్టీస్ చేయించేదంతా ఈ రెండో మాట మీదే. ఆ మనిషి వెళ్ళిపోయాక టీ తాగుతూ మాట్లాడుకునేటప్పుడు కూడా అదే మాట ఉండాలని గట్టిగా చెబుతాను. వెనకాల ఒకలా అనడం అలవాటైన నోరు, ముందు కూడా ఏదో ఒకరోజు అలాగే అనేస్తుంది.

ఇంకా ఏమీ తెలియనప్పుడు

తెలియనప్పుడు ఊహించకండి. గొంతు, జుట్టు, బట్టలు చూసి తీర్మానించొద్దు. పేరుకి 'గారు' చేర్చి, క్రియని 'వచ్చారు', 'కట్టారు', 'ఉన్నారు' అని ముగిస్తే ఎవరికైనా సరిపోతుంది. వయసులో చిన్నవాళ్ళైనా సరే, మొదటి పరిచయంలో ఎక్కువ మర్యాద చేశారని ఎవరూ నొచ్చుకోరు.

చాలామంది 'తను' అంటే చాలు, సమస్య తీరిపోతుందనుకుంటారు. తీరదు. 'తను వచ్చాడు' అన్నా 'తను వచ్చింది' అన్నా క్రియ చివర సంగతి బయటపడిపోతుంది. కానీ కొన్ని రకాల వాక్యాల్లో ఆ తేడా అసలు ఉండదు. 'తను ఇంకా రాలేదు', 'తను రేపు మళ్ళీ రావాలి', 'తను ఇప్పుడు టిఫిన్ చేయొచ్చు', 'తనకి థైరాయిడ్ ఉంది', 'తన రిపోర్టు రెడీ.' ఇవన్నీ ఎవరి గురించైనా అనొచ్చు. 'రాలేదు'తో ఇబ్బంది లేదు గానీ, 'రేపు రాడు', 'రేపు రాదు' అనేసరికి మళ్ళీ దొరికిపోతాం. అక్కడ 'రేపు రావడం కుదరదట' అంటే సరి. ఆడా మగా రెండూ వద్దనే స్నేహితులున్నవాళ్ళకి ఈ వాక్యాలు బాగా పనికొస్తాయి. ఒకే క్లాసులో చదువుకున్న స్నేహితుణ్ణో స్నేహితురాలినో పట్టుకుని 'గారు', 'వారు' అనాలంటే దూరం పెట్టినట్టు ఉంటుంది కదా. అలాంటప్పుడు వాళ్ళనే అడగండి. కొందరు 'వచ్చారు' అనమంటారు, కొందరు ఊరికే పేరు పెట్టి మాట్లాడమంటారు.

ఎదురుగా ఉన్నప్పుడు కూడా జాగ్రత్తగా ఉండాల్సింది వరసల దగ్గర. బెజవాడ, గుంటూరుల్లో మనకి అందరూ చుట్టాలే. ఆటోవాలా అన్న, కూరగాయలమ్మే ఆవిడ పిన్ని, సెక్యూరిటీ గార్డు బాబాయ్. ఆ ఆప్యాయత మంచిదే, కానీ ప్రతి వరసా ఆడో మగో తేల్చేస్తుంది. చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని వచ్చిన మనిషిని గొంతు విని 'ఏం బాబూ' అన్నవాళ్ళని చూశాను. ఆ ఒక్క మాటతో ఆ వరుసలో నిలబడ్డవాళ్ళందరి చూపూ ఆమె మీదకి తిరిగింది. తెలిసేదాకా 'అండీ' చాలు. చిన్నపిల్లలైతే మన వైపు అమ్మాయినైనా అబ్బాయినైనా 'నాన్నా' అని ముద్దుగా పిలుస్తాం, అది ఎప్పుడూ ఇబ్బంది పెట్టదు.

ఎలా అడగాలి

'మీ సర్వనామం ఏమిటి?' అని తెలుగులో ఎవరూ అడగరు. అడిగితే వ్యాకరణం పరీక్షలా ఉంటుంది. ఇంగ్లీషులో వాడే 'షీ, హర్', 'దే, దెమ్' ఇప్పుడు ఈమెయిల్ సంతకాల కిందా, లింక్డ్‌ఇన్‌లో పేరు పక్కనా కనిపిస్తున్నాయి. అమెరికా టీములతో పనిచేసే మన పిల్లలకి అది అలవాటే. అక్కడ రాసి ఉంటే చదివి అలాగే వాడండి, మళ్ళీ అడగక్కర్లేదు. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం మన మాటల్లో అడగాలి. మా కౌంటర్లో అడిగే తీరు ఇది: 'మిమ్మల్ని ఏమని పిలవమంటారండీ?' చాలామంది పేరు చెబుతారు, ఆ పేరుతోనే సంగతి తెలిసిపోతుంది. తెలియకపోతే ఇంకొక్క మాట: 'లోపల వాళ్ళకి చెప్పేటప్పుడు ఆవిడ అననా, ఆయన అననా, ఎలా చెప్పమంటారు?' ఇది గొంతు తగ్గించి, పని మధ్యలో అడిగే మాట. పెన్ను పక్కన పెట్టి, మొహంలోకి తేరిపార చూస్తూ అడిగేది కాదు. అనుమానం వచ్చినవాళ్ళని మాత్రమే అడగడం కూడా బాగోదు. 'ఏమని పిలవమంటారు' అనేది అందరినీ అడిగే ప్రశ్న అయితే ఎవరికీ ప్రత్యేకంగా తగలదు.

ఆపరేషన్ అయిందా, అసలు పేరేంటి, ఎప్పట్నుంచి ఇలా, ఇంట్లో ఒప్పుకున్నారా. ఇవి అడగడానికి మీకు ఏ హక్కూ లేదు.

చెప్పాక, చెప్పినట్టే

ఇక్కడ ఒక పొరపాటు మంచి మనసున్నవాళ్ళే చేస్తారు. ఒక ట్రాన్స్ మహిళ 'నన్ను ఆమె అనండి, అక్కా అనండి' అని స్పష్టంగా చెప్పాక కూడా, ఎందుకొచ్చిన గొడవలే అని 'వారు', 'వచ్చారు', 'ఆ పేషెంట్' అంటూ నెట్టుకొస్తారు. పక్కనున్న ఆడవాళ్ళందరినీ ఆవిడ అని, తనని మాత్రం 'ఆ పేషెంట్' అంటుంటే ఆమెకి అర్థం కాదా? తెలియనంతవరకే ఆ తటస్థమైన మాటలు. చెప్పాక ఆమె ఆమే, ఆయన ఆయనే. మిగతా ఆడవాళ్ళని 'అమ్మా' అంటుంటే ఆమెనీ 'అమ్మా' అనండి, 'మేడమ్' అంటుంటే మేడమ్ అనండి.

'అది' విషయంలో మరీ జాగ్రత్త. తెలుగులో ఆడవాళ్ళకీ వస్తువులకీ క్రియ ఒకటే, 'వచ్చింది'. ఇంట్లో చెల్లెల్ని 'అదింకా లేవలేదు' అనడం మనకి చనువు. బయటి మనిషి ఒక ట్రాన్స్ మహిళని 'అది' అంటే అందులో చనువు లేదు, మనిషి కాదన్నట్టు వినిపిస్తుంది. సిగ్నల్ దగ్గర, రైల్లో వాళ్ళని చూసి జనం వాడే బూతుమాటలు కొన్నున్నాయి, ఇక్కడ రాయను. ట్రాన్స్ మహిళ అనండి, ట్రాన్స్‌జెండర్ అనండి. హిజ్రా అనేది ఒక సమాజం పేరు, ట్రాన్స్ మహిళలందరూ అందులో ఉండరు. వాళ్ళే ఆ మాట చెప్పుకుంటేనే మీరూ అనండి.

ఒకరోజు థైరాయిడ్ టెస్టుకి ఒక తల్లి బిడ్డని తీసుకుని వచ్చారు. ఇరవై దాటి ఉండవు, చుడీదార్ వేసుకుని ఉంది. తల్లి 'మావాడికి థైరాయిడ్ అంటున్నారండీ' అని డాక్టరు చీటీ ఇచ్చారు. చీటీ మీద అబ్బాయి పేరు. ఆ అమ్మాయి తల్లి ఎదురుగానే 'అక్కా, నన్ను ఈ పేరుతో పిలవండి' అని ఇంకో పేరు చెప్పింది. మా కౌంటర్ పిల్ల తల్లితో వాదన పెట్టుకోలేదు, పాఠం చెప్పలేదు. చీటీలో ఉన్న పేరుతో బిల్లు చేసి, టోకెన్ వెనకాల అమ్మాయి చెప్పిన పేరు రాసింది. శాంపిల్ గది దగ్గర 'ఈమె మొదటిసారి ఇస్తోంది, కొంచెం సన్న సూది చూడు' అని చెప్పింది. మళ్ళీ బయట 'ఆమె రిపోర్టు రేపు వస్తుందమ్మా' అని తల్లికీ అలాగే చెప్పింది. ఎక్కడా గొంతు మారలేదు, నొక్కి పలకలేదు. డబ్బులు కడుతూ ఆ తల్లి 'దానికి చిన్నప్పట్నుంచీ సూదంటే భయం' అన్నారు. మా వాళ్ళు ఎవరూ దాని మీద ఏమీ అనలేదు, చిల్లర లెక్కపెట్టి ఇచ్చారు.

అందరి ఇళ్ళలోనూ ఇలా ఉండదు. ఇంట్లో తెలియనివాళ్ళు, తెలిస్తే ఇల్లు వదలాల్సి వచ్చేవాళ్ళు ఉంటారు. అందుకని ఇంకో ప్రశ్న తప్పనిసరి: 'రిపోర్టు గురించి ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తే ఏ పేరు చెప్పమంటారు?' ఆఫీసులోనూ అంతే. మీతో చెప్పారంటే మేనేజర్‌తో చెప్పారని కాదు. వాట్సాప్ గ్రూపులో ఏ పేరు పెట్టాలి, ఎమర్జెన్సీ కాంటాక్టుకి ఫోన్ చేస్తే ఏమనాలి అని ఒకసారి విడిగా అడిగి గుర్తుపెట్టుకోండి. వాళ్ళు పాత పేరే చెప్పమన్నచోట అదే చెప్పండి. అక్కడ మీ ఉత్సాహం వాళ్ళ మెడకి చుట్టుకోకూడదు.

కార్డులో ఒకటి, మనిషి ఒకటి

ఆధార్‌లో పురుషుడు, స్త్రీతో పాటు ట్రాన్స్‌జెండర్ అనే గడి కూడా ఉంది. కానీ కార్డులో పేరు, ఫొటో మార్పించుకోవడానికి టైము పడుతుంది, కొందరికి కుదరదు కూడా. ఇన్సూరెన్సుకి బిల్లు కార్డుతో సరిపోవాలి కాబట్టి బిల్లు మీద ఆ పేరు వేయక తప్పదు. దాన్ని హాలంతా వినపడేలా అరవక్కర్లేదు. మేం అందరినీ టోకెన్ నంబరుతోనే పిలుస్తాం. 'పద్నాలుగో నంబర్ రండి.' ట్రాన్స్ వాళ్ళ కోసమే మొదలుపెట్టినా, ఇప్పుడు అందరికీ సుఖంగా ఉంది. తన జబ్బు గురించి వీధిలోవాళ్ళకి తెలియకూడదనుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారో కౌంటర్లో కూర్చుంటే తెలుస్తుంది.

ల్యాబ్‌లో ఆడా మగా అడగాల్సిన పని నిజంగానే ఉంటుంది. హిమోగ్లోబిన్ మగవాళ్ళకి 13 కన్నా, ఆడవాళ్ళకి 12 కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ వాడుతుంటే హిమోగ్లోబిన్ పెరుగుతుంది. కాబట్టి హార్మోన్ మందుల గురించి ఎవరో ఒకరు అడగాలి. అది కౌంటర్ దగ్గర అడిగే విషయం కాదు. లోపల, తలుపు వేసి, టెక్నీషియనో డాక్టరో 'రిపోర్టు సరిగ్గా చదవడానికి అడుగుతున్నాను' అని కారణం చెప్పి అడగాలి. కారణం చెబితే దాదాపు అందరూ చెబుతారు. అది శరీరం లెక్క, రిపోర్టులో ఉంటుంది. మనిషిని ఏమని పిలవాలనేది దాన్నిబట్టి మారదు.

గర్భసంచి స్కానింగ్‌కి వచ్చే ట్రాన్స్ పురుషుల విషయంలో ఇది మరీ అవసరం. గడ్డంతో ఉన్న మనిషి లేడీస్ స్కానింగ్ గది ముందు, గర్భిణుల మధ్య కూర్చోవాలి. మేం ఆయనకి మధ్యాహ్నం రద్దీ తగ్గాక టైము ఇస్తాం. స్కానింగ్ చేసే మేడమ్‌కి ముందే 'రెండున్నరకి వచ్చే పేషెంట్ ఆయన. పేరు ఇది, ఆయన అనే అనండి' అని చెప్పి ఉంచుతాం. ఆయా దగ్గర్నుంచి అందరికీ తెలిసి ఉండాలి. తలుపు దగ్గర 'ఇక్కడ మగవాళ్ళకి కాదయ్యా' అని ఆపేది ఆయాయే కాబట్టి.

నోరు జారినప్పుడు

జారితే అదే వాక్యంలో సరిచేసి ముందుకు వెళ్ళండి. 'ఆయన... ఆవిడ శాంపిల్ ఇచ్చేశారు.' అంతే. చేతులు పట్టుకుని పదిసార్లు సారీ చెబితే, పాపం ఆవిడే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. పక్కవాళ్ళు జారితే ఇంకా తేలిక. ఎవరైనా 'అతని రిపోర్టు ఏది?' అంటే 'ఆవిడ రిపోర్టు ఇదిగోండి' అని చేతికివ్వండి. తప్పు పట్టినట్టు ఉండదు, సరైన మాట చెవిన పడుతుంది. కావాలనే పదేపదే అనేవాళ్ళని మాత్రం అందరి ముందూ కాకుండా పక్కకి పిలిచి సూటిగా చెప్పాలి.

మా దగ్గర ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న టెక్నీషియన్ గారు ఉన్నారు. నోరు తిరగడం లేదమ్మా అనేవారు. ఆయనకి నేను చెప్పింది ఒక్కటే: మనసులో కూడా అలాగే అనుకోండి. ఆవిడ శాంపిల్ సెంట్రిఫ్యూజ్‌లో పెడుతూ 'ఆవిడ శాంపిల్ పెట్టాను', లేబుల్ అంటిస్తూ 'ఆవిడ లేబుల్' అని పైకి అనుకోమన్నాను. ఇప్పుడు కొత్త పిల్లలు జారితే ఆయనే సర్దుతున్నారు.

ఆఫీసులో

పక్క సీటు సహోద్యోగి ఒకరోజు కొత్త పేరుతో, కొత్త మాటతో వచ్చారనుకోండి. మీటింగ్ పెట్టి ప్రకటించడం కంటే, వాళ్ళు ఎలా చెప్పాలనుకుంటున్నారో ముందు అడగడం మంచిది. కొందరు తామే గ్రూపులో రాస్తామంటారు, కొందరు టీమ్ లీడర్‌ని చెప్పమంటారు. ఆ రోజు నుంచే ఐడీ కార్డు, హాజరు పట్టిక, ఈమెయిల్, టేబుల్ మీది నేమ్ బోర్డు మారిపోవాలి. పాత సంగతులు చెప్పేటప్పుడు కూడా కొత్త మాటే: 'పోయినేడాది ఆడిట్ అప్పుడు ఆమె రాత్రి దాకా ఉండి లెక్కలు తేల్చింది.' అప్పటికి పేరు వేరు కదా అని వెనక్కి వెళ్ళొద్దు.

యజమానులు ఇది పిల్లల సరదా అని కొట్టిపారేయకుండా చట్టం కూడా తెలుసుకోవాలి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో, తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ వ్యక్తిదేనంది. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఉద్యోగంలో, ప్రమోషన్‌లో వివక్ష చూపకూడదని, ప్రతి సంస్థా ఫిర్యాదులు చూసే అధికారిని పెట్టాలని అందులో ఉంది. మాటలతో హింసించడాన్ని కూడా ఆ చట్టం 18వ సెక్షన్ నేరాల్లో చేర్చింది. సర్వనామాల గురించి విడిగా ఒక్క మాటా లేదు. కానీ ఒక ఉద్యోగిని రోజూ అందరి ముందూ కావాలని 'వాడు', 'అది' అంటుంటే, అది మాటలతో హింసించడం కాక మరేమిటి? మీ ఆఫీసులో ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో గోడ మీద రాసి ఉందో లేదో ఒకసారి చూడండి.

ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంలో మహిళలతో పాటు ట్రాన్స్‌జెండర్లకీ ఉచిత ప్రయాణం ఉంది. అందువల్ల మా దగ్గరికి ఊళ్ళ నుంచి ఒంటరిగా బస్సెక్కి వచ్చేవాళ్ళ సంగతి నేను ప్రత్యేకంగా చూస్తాను. కార్డు చూపించి జీరో టికెట్ తీసుకునేటప్పుడు కండక్టర్ 'ఎక్కడికమ్మా?' అన్నారా, వెనక్కి తిరిగి 'ఇదిగో, వీడికి కూడా ఫ్రీయేనంట' అన్నారా అనేదాన్నిబట్టి ఆ మనిషి మా కౌంటర్ దగ్గరికి వచ్చే తీరు మారిపోతుంది. రెండో రకం అనుభవంతో వచ్చినవాళ్ళు పేరు అడిగితేనే ఉలిక్కిపడతారు. వాళ్ళకి ముందు మంచినీళ్ళు ఇచ్చి, కూర్చోబెట్టి, తర్వాత అడుగుతాం.

ఫోన్లో గొంతు విని 'సార్', 'మేడమ్' అనడం కూడా మా పిల్లలతో మాన్పించాను. 'నమస్తే అండీ, చెప్పండి' అంటే సరిపోతుంది, పేరు చెప్పాక గారు కలుపుతారు. రిపోర్టు మీద మా సాఫ్ట్‌వేర్ పేరుకి ముందు శ్రీ, శ్రీమతి దానంతటదే వేసేది. ఆ గడి ఖాళీగా వదిలేసే వీలు పెట్టమని సాఫ్ట్‌వేర్ వాళ్ళని అడిగితే వెంటనే చేసిచ్చారు. మీ బిల్లింగ్‌లోనూ అలాంటి గడి ఉంటే ఫోన్ చేసి అడగండి, పెద్ద పనేం కాదు.